ఖాజీ అడిగిన ఒట్టు

మా బావ నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, కేసు అక్కడితో ఖలాస్. ఆ మాట ఆయన అననన్నాడు. ఆ వేసవిలో నేను ఆయన్ని తిట్టినన్ని తిట్లు నా జన్మలో ఇంకెవరినీ తిట్టలేదు. బావమరిది బావను తిట్టడం మా వైపు తప్పేం కాదు, సరసం కింద పోతుంది. ఇవి మాత్రం సరసపు తిట్లు కావు. కడుపు మండి తిట్టినవి.

ఎనభైల మొదటి మాట ఇది. నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో మెకానిక్‌ను. బావ, అంటే మా అక్క మొగుడు, రాస్ అల్ ఖైమా కొండల్లో ఒక క్రషర్ దగ్గర టిప్పర్ నడిపేవాడు. ఇద్దరివీ జగిత్యాల పక్క ఊళ్లే. నాకంటే ముందు వచ్చి, నాకు వీసా తెచ్చిపెట్టింది ఆయనే. ఊళ్లో వాళ్లకు షార్జా అయినా రాస్ అల్ ఖైమా అయినా అంతా దుబాయే. "ఇద్దరూ దుబాయ్‌లనే ఉంటరు గదా, రోజు కలుస్తరా?" అని అడిగేవాళ్లు. రోజూ ఎక్కడ కలుస్తాం? శుక్రవారం వస్తే ఆయన దగ్గరికి నేనో, నా దగ్గరికి ఆయనో. కోడి వండుకోవడం, ఊరి నుంచి ఎవరైనా తెచ్చిన క్యాసెట్టు పెట్టుకుని వినడం. మా అక్కకు చదువు రాదు. ఇంకొకరి చేత ఉత్తరం రాయించడం ఆమెకు నామోషీ. క్యాసెట్టులో మాట్లాడి పంపేది. అందులో సగం ఏడుపు, సగం మా ఇద్దరికీ చీవాట్లు.

అట్లాంటి ఒక క్యాసెట్టులోనే అక్క నీళ్లోసుకున్న సంగతి తెలిసింది. అంతకు ముందు రెండు కాన్పులు చేతికి అందకుండా పోయాయి. బావ ఆ ముక్క మళ్లీ మళ్లీ తిప్పి విన్నాడు. నేను నవ్వుతుంటే నెత్తి మీద మొట్టాడు కూడా. ఆ రోజు నుంచి మనిషి తీరే మారిపోయింది.

మా వైపు ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉంటే మొగుడికి కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. కొబ్బరికాయ కొట్టడు. పామును చంపడు. పాడె మోయడు. ఒట్టు పెట్టడు. అబద్ధపు ఒట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, నిజం మీద కూడా పెట్టడు. ఒట్టంటే బిడ్డ తల మీద చెయ్యి పెట్టినట్టేనని మా నాయనమ్మ అనేది. కడుపులో ఉన్న పసిగుడ్డుకు ఆ బరువు ఎందుకు అనేది. మా ఊళ్లో ఇవన్నీ ఎవరూ కూర్చుని నేర్పరు, చూసి నేర్చుకుంటారు. దుబాయ్ వచ్చాక ఎవరు పట్టించుకుంటారు? మా బావ పట్టించుకున్నాడు. కూలీలుండే క్యాంపులో మనవాళ్లు గదిలో చిన్న పటం పెట్టుకుని పూజ చేసుకుంటే, కొబ్బరికాయ ఇంకొకరి చేతికి ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఏంది బావా, నువ్విక్కడ కాయ కొడితే జగిత్యాల్ల అక్కకు తాకుతదా?" అన్నాను.

"నవ్వు బామ్మర్దీ, నవ్వు. నీకు పెండ్లయి నీ పెండ్లాం నీళ్లోసుకున్నంక అప్పుడు చెప్తా నీ సంగతి."

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ ప్రమాదం జరిగింది.

క్రషర్ ఒక వాలు మీద ఉండేది. పైన రాళ్లు పిండి చేసే మిషన్లు, కింద గేటు, గేటు పక్కన కాపలావాడి రేకుల గది. కాపలావాడు పెషావర్ వైపు పఠాన్, మా అందరికంటే పెద్దవాడు. లాలా అని పిలిచేవాళ్లం. మనిషి గట్టివాడు, నోరు ఇంకా గట్టిది, కానీ తన రొట్టెలో సగం విరిచి ఇవ్వందే ఎవరినీ గేటు దాటనిచ్చేవాడు కాదు. టిప్పర్లన్నీ ముసలి బండ్లు. హ్యాండ్ బ్రేకు మీద ఎవరికీ నమ్మకం లేదు. డ్రైవర్లు బండి దిగగానే చక్రం కింద ఇంత పెద్ద రాయి తోసి పోయేవాళ్లు. అది అక్కడ వాడుక.

ఒక మధ్యాహ్నం బావ నిండు లోడుతో బండిని పైన ఆపి, షెడ్డులోకి అన్నానికి పోయాడు. బండి దానంతట అదే కదిలింది. వాలు మీద దొర్లుకుంటూ వచ్చి రేకుల గదిని గుద్దేసింది. లాలా లోపలే ఉన్నాడు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

చూసినవాడు ఒక్కడు లేడు. అందరూ అన్నం దగ్గర ఉన్నారు. చక్రం కింద రాయి పెట్టాడా లేదా? అదొక్కటే ప్రశ్న. పెట్టి ఉంటే రాయి జారింది, బండి ముసలిది, తప్పు బావది కాదు. పెట్టకపోతే తప్పంతా ఆయనదే. పోనీ రాయి ఉందేమో చూద్దామంటే, అది రాళ్ల క్వారీ. ఎటు చూసినా రాళ్లే. ఏ రాయి అని వెతుకుతారు? పోలీసులు బావను అడిగారు. "పెట్టిన" అన్నాడు. లాలా ఆసుపత్రి మంచం మీద నుంచి "పెట్టలేదు" అన్నాడు.

బావను కొన్నాళ్లు పోలీసు స్టేషన్‌లో ఉంచారు. నేను మా కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కాళ్లావేళ్లా పడి, ఆయన దగ్గరున్న నా పాస్‌పోర్టు తెచ్చి జామీను కింద పెట్టి విడిపించుకొచ్చాను. కేసు తేలేదాకా ఇద్దరం దేశం దాటే పని లేదు. తప్పు బావదని తేలితే లాలా కాలికి పరిహారం కట్టేదాకా జైలు. అది మా రెండు కుటుంబాలూ కలిసి కట్టగలిగేది కాదు. అంటే ఎన్నేళ్లో చెప్పలేని జైలు. కాన్పు వేళకు ఇంటికొస్తానని ఆయన అక్కకు మాటిచ్చి ఉన్నాడు. క్యాంపులో కుర్చీలు అరిగిపోయేట్టు కూర్చున్న పెద్దమనుషులు మాత్రం "అరే, ఈడ కాలుకు కాలు తీస్తరంట" అని కూడా అన్నారు. వాళ్ల నోట్లో మన్ను పడ! ఆ మాట విన్న రాత్రి బావకు నిద్ర లేదు, నాకూ లేదు.

నేను ఊరుకునే రకం కాదు. గ్యారేజీకి వచ్చే పోయే వాళ్లందరినీ పట్టుకుని ఇక్కడి కోర్టుల చదువంతా చదివేశాను. తెలిసిందేమంటే, షార్జా వాళ్లు దేశానికంతా కలిపి పెట్టిన కొత్త కోర్టుల్లో కలిశారు. రాస్ అల్ ఖైమా వాళ్లు తమ కోర్టు తామే ఉంచుకున్నారు. గ్యారేజీ పక్క ఆఫీసులో ఒక మలయాళీ టైపిస్టు ఉండేవాడు. షార్జాలో అయితే ఇంజినీరు వచ్చి బండి చూస్తాడు, బ్రేకు చూస్తాడు, అన్నీ కాగితాల మీద తేలతాయి అన్నాడు. రాస్ అల్ ఖైమాలో సాక్షి లేకపోతే ఖాజీ, అంటే అక్కడి జడ్జి, ప్రమాణం అడుగుతాడట. అతను చెప్పింది ఎంత నిజమో నాకు ఈ రోజుకూ తెలియదు. కానీ ప్రమాణం అన్న మాట వినగానే నాకు మా బావ మొహం కళ్లముందుకొచ్చింది. అమ్మో, ఈయన ఒట్టు పెట్టడు!

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. క్రషర్ ఉన్నచోటు రెండు ఎమిరేట్ల అంచు. కింద గేటు రాస్ అల్ ఖైమాదని అందరికీ తెలుసు. పైన మిషన్లు ఉన్న గుట్ట మాత్రం షార్జాదని కొందరు, కాదని కొందరు అనేవాళ్లు. హద్దురాయి అంటూ ఏదీ లేదు. బండి కదిలింది పైన. రాయి పెట్టినా పెట్టకపోయినా అది పైనే. కాబట్టి కేసు షార్జాకు పోవాలి. ఇది తట్టిన రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను. పెద్ద వకీలునైపోయినట్టు రెండు రోజులు గ్యారేజీలో స్పానరు పట్టుకోబుద్ధి కాలేదు.

కోర్టంటే నాకు తెలిసింది మా జగిత్యాల మున్సిఫ్ కోర్టు. నల్లకోట్లు, ఎత్తు మీద జడ్జి, బంట్రోతు గొంతు చించుకుని పిలవడం. ఇక్కడ అవేం లేవు. సున్నం వేసిన ఒక గది, కిటికీలో దడదడలాడే ఏసీ, ఒక బల్ల. బల్ల వెనక ఖాజీ. సూడాన్ దేశం మనిషి, తెల్లటి తలపాగా, మెల్లటి గొంతు. ఆయనకూ మాకూ మధ్య నాలుగడుగులు కూడా లేవు. నాకు అక్కడే భయం వేసింది. జగిత్యాలలో జడ్జి మన మొహం చూడడు, కాగితం చూస్తాడు. ఈయన మొహమే చూస్తున్నాడు.

పక్కన తర్జుమా చేసే ముసలాయన ఉన్నాడు. ఎప్పుడో హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు, గడ్డానికి గోరింటాకు. ఖాజీ అరబీని మాకు ఉర్దూలో, మా ఉర్దూని ఖాజీకి అరబీలో చెప్పడం ఆయన పని. లాలా ఒక కుర్చీలో కూర్చున్నాడు, చంక కర్రలు ఒళ్లో పెట్టుకుని. బావ ఆ వైపు చూడలేదు. నేను చూశాను. చూడకపోతే బాగుండేది. పంట్లాం కాలు మడిచి పిన్నీసు పెట్టుకుని ఉన్నాడు.

ఎవరూ అడగకముందే నేను లేచి నా హద్దుల వాదన మొదలుపెట్టాను. నువ్వేమన్నా వకీలువా, నోర్మూసుకుని కూర్చో అని తర్జుమా ఆయన కళ్లెర్రజేశాడు.

"అరె మియా, తుమ్ వకీల్ హో క్యా? బైఠో చుప్!"

ఖాజీ చెయ్యి ఎత్తి, చెప్పనివ్వమన్నాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు. తల కూడా ఊపాడు. నా గుండె ఉప్పొంగింది. తర్వాత ఆయన గోడ పక్కన కూర్చున్న ఒక ముసలి బదూ అరబ్బును పిలిచాడు. ఎండకు ఎండి మాడిపోయిన మనిషి, నడుముకు బాకు. ఆ కొండల్లో మేకలు మేపే తెగకు పెద్దట. హద్దు సంగతి పోలీసులు ముందే చెప్పి ఉంటారు, ఖాజీ ఆయన్ని రప్పించి ఉంచాడు.

"ఆ గుట్ట ఎవరిది?" అని అడిగాడు ఖాజీ.

ముసలాయన మ్యాపుల జోలికి పోలేదు. ఆ గుట్ట మీద తన తాత మేకలు మేపాడన్నాడు. ఆ మేకల మీద జకాత్ పన్ను తన తాత ఇచ్చింది రాస్ అల్ ఖైమా షేక్‌కే అన్నాడు. జకాత్ ఎవరికి ఇస్తే నేల వాళ్లది. అంతే. గుట్ట పైనుంచి గేటు దాకా అంతా ఖాజీ కిందికే వచ్చింది. నా వకాల్తా ఒక చాయ్ తాగేంత సేపు కూడా నిలవలేదు.

ఖాజీ నా వైపు చూసి ఇంకో మాట కూడా అన్నాడు. గుట్ట షార్జా వాళ్లదే అయినా, కాలు పోయింది ఈ నేల మీద, కాలు పోయినవాడు నా ముందున్నాడు, వీణ్ని ఎక్కడికి పొమ్మంటావు అన్నాడు. తర్జుమా ఆయన ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. నేను కూర్చున్నాను.

అప్పుడు ఖాజీ లాలాను అడిగాడు, సాక్షి ఉన్నాడా అని. లేడు. అయితే ఇక మిగిలింది ఒకటే. ఆరోపణ చేసినవాడు రుజువు చూపాలి. చూపలేకపోతే, కాదన్నవాడు దేవుడి మీద ప్రమాణం చేసి కాదనాలి. చేస్తే విడుదల. ఖాజీ బావ వైపు తిరిగి, నువ్వు ముస్లిమువి కాదు గదా, నిన్ను పుట్టించినవాణ్ని నువ్వు ఏ పేరుతో పిలుస్తావో ఆ పేరుతోనే చెయ్యి అన్నాడు. అంత మర్యాదగా ఏ జడ్జీ అడిగి ఉండడు.

బావ నేల చూస్తున్నాడు. వారం గడువు కావాలన్నాడు. ఖాజీ ఇచ్చాడు.

ఆ వారం మా ఇద్దరి మధ్య జరిగిన లొల్లి అంతా ఇంతా కాదు. నేను పని ఎగ్గొట్టి క్యాంపులో ఆయన పక్కనే పడి ఉన్నాను.

"నిజమే గదా బావా? రాయి పెట్టినవ్ గదా? మరి నిజం చెప్పనీకి ఏమాయె నీకు?"

"ఒట్టు పెట్ట."

"జగిత్యాల కోర్టుల మా నాయిన పెట్టలేదా? అంతా నిజమే చెప్తానన్నడు, అరగంట అబద్ధాలు చెప్పిండు, ఇంటికొచ్చి అన్నం తిన్నడు. ఏమైంది?"

"ఆడ బంట్రోతు చదివిస్తే చదివిండు. ఈడ ఆ ముసలాయన నా మొకం చూసి అడుగుతుండు."

"అక్క కడుపుతోని ఉన్నదనే గదా నీ బాధ? మరి నువ్వు జైలుల కూసుంటే అక్క ఏమైతదో సోయి ఉన్నదా? మొగడు జైలుల ఉన్నడని తెలిస్తే ఆ కడుపు నిలుస్తదా? చెప్పు!"

ఆ మాట నేను అనక తప్పలేదు. అనాల్సిందే. ఆయన దానికి లేచి బయటికి వెళ్లిపోయాడు. కంచె పక్కన ఎండలో నిలబడ్డాడు. నేనే పోయి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను.  ఈ మనిషి మా అక్క కోసం ఇంత పట్టు పట్టాడే అని ఒకవైపు జాలేసింది, ఇంకోవైపు చెంప మీద కొట్టాలనిపించింది. నీకు దండం పెడతా, ఒక్కసారి అను, పాపం తగిలితే నాకు తగలనీ, నాకు పెండ్లామూ లేదు పిల్లలూ లేరు అన్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి, "పిచ్చోడా" అన్నాడు, అంతే. క్రషర్ ముదీర్, అదే మేనేజరు, కూడా వచ్చి ఒక పూట నచ్చజెప్పి పోయాడు. బావ ఎవరి మాటా వినలేదు.

వారం తిరిగేసరికి మళ్లీ అదే గది, అదే ఏసీ చప్పుడు. లాలా అదే కుర్చీలో ఉన్నాడు. బావను ఖాజీ ముందు నిలబెట్టారు. చక్రం కింద రాయి పెట్టానని ప్రమాణం చేస్తావా అని అడిగాడు ఖాజీ.

బావ తల అడ్డంగా ఊపాడు.

"సచ్ హై తో ఖసమ్ ఖావ్, ఘర్ జావ్," అన్నాడు తర్జుమా ఆయన, నిజమైతే ఒట్టేసి ఇంటికి పో అని. ఆయనకూ మా మీద జాలి పుట్టినట్టుంది. ఖాజీ, ఎందుకు చెయ్యవని అడిగాడు. బావ తన ఉర్దూలో చెప్పాడు. ఇంటిదాని కడుపులో బిడ్డ ఉంది, రెండు పోయాయి, ఇది మూడోది, మా వైపు ఇట్లాంటప్పుడు నిజం మీదైనా ఒట్టు పెట్టం అని. తర్జుమా ఆయన గడ్డం గోక్కున్నాడు. ఇది అరబీలో ఎట్లా చెప్పాలో తెలియక కాసేపు తడబడ్డాడు, చివరికి చెప్పాడు. ఖాజీ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

కాన్పు ఎప్పుడని అడిగాడు. ఇంకా నాలుగు నెలలు. ఖాజీ లాలా వైపు తిరిగి, అప్పటిదాకా ఆగుతావా అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. ఆగు లాలా, ఆగు అని లోపల మొక్కుకున్నాను. లాలా చంక కర్రలు చూపించాడు. కంపెనీకి ఇక తాను పనికిరాడు, వీసా అయిపోతోంది, ఈ నెలలో పెషావర్ పంపేస్తున్నారు, ఎక్కడ ఆగేది అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఖాజీ బల్ల మీద కాగితాలు పక్కకు జరిపాడు. తర్వాత బావతో అన్నాడు: మనిషి ప్రమాణానికి రెండు కారణాలతో భయపడతాడు, అది అబద్ధమని ఒకటి, అది బరువని ఒకటి, నీది ఏదో నాకు కనిపించడం లేదు. అందుకే మళ్లీ అడుగుతున్నానన్నాడు. మళ్లీ అడిగాడు. బావ మళ్లీ తల అడ్డంగా ఊపాడు. చట్టం ప్రకారం మూడోసారి, ఇదే ఆఖరు అని చెప్పి అడిగాడు.

నేను తెలుగులో అరిచేశాను. "బావా! నీ కాళ్లు మొక్కుతా, అను!"

పోలీసు నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. బావ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కళ్లలో నీళ్లున్నాయి. మళ్లీ ఖాజీ వైపు తిరిగి, "నహీ సాబ్" అన్నాడు.

అయిపోయింది, మా అక్క బతుకు బండలైంది అనుకున్నాను. కానీ ఖాజీ వెంటనే తీర్పు చెప్పలేదు. కలం కింద పెట్టి లాలాను పిలిచాడు. కాదన్నవాడు ప్రమాణం చెయ్యకపోతే, ఆ ప్రమాణం ఆరోపణ చేసినవాడి దగ్గరికి తిరిగొస్తుందట. రాయి పెట్టలేదని నువ్వు అల్లా మీద ప్రమాణం చెయ్యి, కేసు నీదే అన్నాడు.

ఈ సంగతి ఆ టైపిస్టు చెప్పలేదు, ఎవడూ చెప్పలేదు.  కాలు పోగొట్టుకున్నవాడు ఒట్టెయ్యకుండా ఉంటాడా? నేనైతే వేద్దును. వెయ్యి ఒట్లు వేద్దును. లాలా చంక కర్రలు ఆనించుకుని లేచి నిలబడ్డాడు. పోలీసు సాయం రాబోతే వద్దన్నాడు. కుడిచెయ్యి ఎత్తబోయి, కర్ర జారుతుంటే మళ్లీ పట్టుకున్నాడు. 

"వల్లాహ్..." అని మొదలుపెట్టాడు. ఆగాడు.  ఖాజీ తొందరపెట్టలేదు.

"మేరీ పీఠ్ ఉధర్ థీ, షేక్," అన్నాడు చివరికి. నా వీపు అటువైపు ఉంది. నేను చాయ్ పెట్టుకుంటున్నాను. రాయి పెట్టాడో లేదో నేను చూడలేదు. పెట్టలేదనే అనుకున్నాను, అనుకున్నదాని మీద అల్లా పేరు తీసుకోలేను.

అని కూలబడ్డాడు కుర్చీలో.

ఖాజీ కళ్లు మూసుకుని తెరిచాడు. సాక్షి లేడు, ప్రమాణం ఇటునుంచీ లేదు, అటునుంచీ లేదు. దావా కొట్టేశానన్నాడు. తర్జుమా ఆయన ఆ మాట మాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి మాకు ఎక్కలేదు.

వరండాలోకి వచ్చేసరికి ఎండ మొహాన కొట్టింది. నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది. బావను వాటేసుకున్నాను, ఆయన కట్టెలాగా నిలబడ్డాడు. సాయంత్రానికి నా పాస్‌పోర్టు ఇస్తారట, దేశం దాటకూడదన్న జాబితాలో ఆయన పేరు కొట్టేస్తారట, రేపే టికెట్టు సంగతి చూద్దాం, యల్లా పద అంటున్నాను. ఆయన వినడం లేదు. వరండా చివర లాలా ఒక్కడే నిలబడి ఉన్నాడు, తనను తీసుకుపోయే పికప్ కోసం. వద్దు బావా, ఇప్పుడెందుకు అని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని పోయాడు. నేనూ వెంటపడ్డాను.

లాలా ఆయన్ని పైనుంచి కింది దాకా చూశాడు. కోపం ఉందో లేదో ఆ మొహంలో నాకు తెలియలేదు.

"అబ్ న ఖాజీ హై, న ఖసమ్," అన్నాడు. "అబ్ బోల్. పత్థర్ లగాయా థా?"

ఖాజీ లేడు, ఒట్టు లేదు, ఇప్పుడు చెప్పు, రాయి పెట్టావా? పెట్టిన అంటాడని నేను ఎదురు చూశాను. పోలీసుల ముందు అన్నదే గదా. అదే గదా నిజం.

"యాద్ నహీ లాలా," అన్నాడు మా బావ.

గుర్తు లేదట. రోజూ పెడతాను, చెయ్యి దానంతట అదే పెడుతుంది, ఆ రోజు పెట్టిందో లేదో ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు, పోలీసులు అడిగితే భయంతో పెట్టానన్నాను, ఆ తర్వాత నుంచి ఒక్క రాత్రి నిద్రపోలేదు అన్నాడు. చిన్నపిల్లవాడిలాగా ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు.

నా నెత్తిన పిడుగు పడింది. మా వెనక కోర్టు గది తలుపు తెరిచే ఉంది. ఖాజీ ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు, తలపాగా కనిపిస్తోంది. లాలా ఆ తలుపు వైపు చూశాడు. నాలుగు కర్ర అడుగులు వేసి లోపలికి పోయి ఈ మాట చెబితే చాలు. ఆయన చంక కర్రలు సర్దుకున్నాడు. ఒక అడుగు వేశాడు, తలుపు వైపే.  ఆపడానికి నాకు ఏం హక్కుంది? ఏమని ఆపను?

ఆ ఒక్క అడుగుతోనే ఆగిపోయాడు. పికప్ వచ్చి మెట్ల కింద ఆగింది, డ్రైవరు హారన్ కొట్టాడు. లాలా కాసేపు తలుపునే చూశాడు. తర్వాత మెట్ల వైపు తిరిగాడు. మెట్లు మూడో నాలుగో, కర్రలతో దిగడం ఆయనకింకా అలవాటు కాలేదు. మొదటి మెట్టు మీద తూలాడు. బావ పరుగున పోయి ఆ కాలు లేని వైపు భుజం ఆనించాడు. లాలా వద్దనలేదు.